ఆంధ్రరత్నకు అందని వైద్యం

ముప్పై తొమ్మిదేళ్లకే క్షయ పొట్టన పెట్టుకున్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జీవితం... దగ్గులో రక్తం పడినప్పుడు ఇవాళ మీకు అందుబాటులో ఉన్న చికిత్స

మీరు జల్‌పల్లిలోనో, పహాడీషరీఫ్‌లోనో, శంషాబాద్ చుట్టుపక్కలో ఉంటున్నారా? అయితే పంచాయతీగా ఉన్న ఊరు మున్సిపాలిటీగా మారితే ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. బోర్డు మారుతుంది. ఆఫీసు మారుతుంది. ఇంటిపన్ను కాగితం చేతికొచ్చాక ఇంట్లో పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుతారు. సరిగ్గా ఇలాంటి మార్పే వందేళ్ల కిందట కోస్తాలో పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లను కుదిపేసింది. పన్ను కట్టలేం, మున్సిపాలిటీ మాకొద్దంటూ వేలాదిమంది సొంత ఇళ్లు వదిలి ఊరి బయట పాకల్లోకి వెళ్లిపోయారు. అదే చీరాల-పేరాల ఉద్యమం. దాన్ని నడిపించిన మనిషి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. జనం ప్రేమగా ఇచ్చిన బిరుదు ఆంధ్రరత్న.

విజయవాడ వెళ్లినప్పుడు ఆంధ్రరత్న భవన్ పేరు మీరు వినే ఉంటారు. చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పుస్తకంలో రామదండు గురించి చదివే ఉంటారు. ఆయన ఏ జబ్బుతో పోయారో, అప్పటికి ఆయన వయసెంతో అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఆయన పోయింది క్షయతో. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు నిండి వారం దాటింది, అంతే.

ఆరోగ్యం పేజీల్లో ఆయన కథ ఎందుకంటారా? ఆయన్ను తీసుకెళ్లిన జబ్బు ఇంకా మన వీధుల్లోనే తిరుగుతోంది. మందులతో తగ్గినా కొందరి ఊపిరితిత్తుల్లో మచ్చలు వదిలి వెళ్తోంది. ఆ మచ్చ ఉన్నచోట పదేళ్లకో, ఇరవై ఏళ్లకో రక్తనాళం చిట్లి, దగ్గితే కళ్లెలో రక్తం పడొచ్చు. ఆయన కాలంలో దానికి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. ఉందని తెలియకపోవడం వల్లో, తెలిసినా ఇంట్లో చెప్పకపోవడం వల్లో ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

తల్లిదండ్రులు లేని పిల్లాడు

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. తిరుపతమ్మ తిరునాళ్లకు పేరున్న ఊరు అది. పసితనంలోనే తల్లినీ, తండ్రినీ పోగొట్టుకున్నారు. నాయనమ్మ, చిన్నాన్న పెంచారు. గుంటూరులో చదువు సాగింది. చదువు కంటే పాట మీద, పద్యం మీద, నాటకం మీద ధ్యాస ఎక్కువ. కొన్నాళ్లు బాపట్ల తాలూకా కచేరీలో గుమస్తాగా కూడా పనిచేశారు. ఆ కుర్చీలో ఆయన నిలవలేదు.

స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఓడెక్కి స్కాట్లాండ్ వెళ్లారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేశారు. ఆ రోజుల్లో సీమ చదువు చదివి వచ్చినవాడు సూటూబూటుతో ప్రభుత్వ కొలువులో కుదురుకోవడం ఆనవాయితీ. ఈయన అక్కడున్నప్పుడే ఆనంద కుమారస్వామితో స్నేహం కుదిరింది. నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆ పుస్తకాన్ని అచ్చువేసింది. ఇవాళ కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంటున్న మీ పాప పట్టే హస్తముద్రలను పడమటి దేశాల వాళ్లకు వివరంగా పరిచయం చేసిన తొలి పుస్తకాల్లో అదొకటి.

తిరిగొచ్చాక రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. పైవాళ్లతో పొసగలేదు. తాను నమ్మింది మొహం మీదే చెప్పే మనిషి. మాటకు మాట, పద్యానికి పద్యం. ఆశువుగా ఆయన విసిరిన చాటువులు కోస్తా ఊళ్లలో చాలాకాలం చెప్పుకున్నారు. చివరికి చీరాల చేరారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టారు. తోలుబొమ్మలాట, జముకుల కథ, గొల్లకలాపం, వీధి నాటకం... చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూసే ఈ కళలను పిలిచి పీట వేశారు. అక్షరం రానివాడికి కూడా దేశం సంగతి చేరాలంటే ఇదే దారి అనుకున్నారు.

ఊరికి ఊరే కదిలింది

ఆయన కట్టిన దళం పేరు రామదండు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ బొట్టు. క్రమశిక్షణ అంటే ఏమిటో ఆ కుర్రాళ్లను చూసి నేర్చుకోవాలనేవారు. 1921 మార్చి ఆఖరులో, ఏప్రిల్ మొదట్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు జనసముద్రాన్ని అదుపు చేసింది ఈ దండే.

అప్పటికే చీరాలలో నిప్పు రాజుకుంది. చీరాల, పేరాల రెండూ కలిపి సుమారు 15,000 జనాభా. నేతపని వాళ్లు, రైతులు, చిన్న వ్యాపారులు. మద్రాసు ప్రభుత్వం రెండు ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి దాదాపు 4,000 రూపాయలున్న పన్ను భారం 40,000 దాకా పెరిగింది. మగ్గం మీద బతికేవాడు ఎక్కడ నుంచి తెస్తాడు? వినతులిచ్చారు. సమావేశాలు పెట్టారు. పన్ను కట్టనన్నవాళ్లు జైలుకు వెళ్లారు. ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. మున్సిపాలిటీ వద్దనుకుంటే దాని హద్దులు దాటి వెళ్లిపోవడం కూడా శాంతియుతమైన ఓ మార్గమని సూచించారు.

ఆ మాటను అక్షరాలా పాటించి చూపించారు గోపాలకృష్ణయ్య. ఏప్రిల్ నెలాఖరులో, నడివేసవిలో, వేలాదిమంది చీరాల, పేరాలల్లోని ఇళ్లు ఖాళీ చేసి హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. అందరిలోనూ ముసలివాళ్లున్నారు, బాలింతలున్నారు, చంటిపిల్లలున్నారు. ఎండకు ఎండారు. వానకు తడిశారు. దాదాపు 11 నెలలు అలాగే నిలబడ్డారు. తిండి, నీళ్లు, తగవులు, కాపలా అన్నీ ఆ జనమే చూసుకున్నారు. వాళ్ల మధ్యనే ఉండి ధైర్యం చెప్పిన నాయకుడు ఆయన.

ఆ మధ్యలోనే ఆయన బరంపురం వెళ్లారు. అక్కడ మాట్లాడకూడదని అధికారులు ఇచ్చిన ఉత్తర్వును లెక్కచేయలేదు. అరెస్టు చేశారు. ఏడాది శిక్ష. తిరుచినాపల్లి జైలు. నాయకుడు జైల్లో, జనం పాకల్లో. చేతిలో డబ్బు లేక, ఒత్తిడి భరించలేక రామనగర్ నెమ్మదిగా ఖాళీ అయింది. ఉద్యమం ఆగింది. ఆయన పేరు మాత్రం దేశమంతా తెలిసింది.

ముప్పై తొమ్మిదేళ్లకే

జైలు నుంచి వచ్చాక ఆయన ఊరుకోలేదు. సభలు, ప్రయాణాలు, గ్రంథాలయాలు, గోష్ఠి పనులు. సంపాదన లేదు. ఉన్నది ఉద్యమానికే పోయింది. చివరి రోజుల్లో ఇల్లు గడవడమే కష్టమైంది. దానికి తోడు క్షయ పట్టుకుంది. 1928 జూన్ 10న కన్నుమూశారు. ఊళ్లకు ఊళ్లను నిలబెట్టిన మనిషిని నిలబెట్టే మందు ఆనాడు ఏ దేశంలోనూ లేదు.

ఈ మాట ఒకసారి ఆగి ఆలోచించండి. సీమలో చదివిన మనిషి. దేశంలో పెద్దపెద్దవాళ్లతో పరిచయం. ఆయన దగ్గర లక్షలున్నా ఫలితం పెద్దగా మారేది కాదు. క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లోనే కనిపెట్టారు. ఎక్స్‌రే 1895లోనే వచ్చింది. చీరాల జనం పాకల్లోకి వెళ్లిన 1921లోనే పారిస్‌లో తొలిసారి ఓ పసిబిడ్డకు బీసీజీ టీకా ఇచ్చారు. అంటే శత్రువు ఎవరో తెలుసు, ఎక్కడ దాక్కున్నాడో ఫొటో తీయగలరు. చంపే ఆయుధం మాత్రం లేదు.

అప్పటి వైద్యం మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి రోగులను అలాగే చూసుకుంటోంది. కొందరికి ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి, జబ్బున్న ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవారు. కదలకుండా ఉంటే పుండు మానుతుందని ఆశ. దగ్గుతూ రక్తం కక్కే రోగికి కదలొద్దు, మాట్లాడొద్దు అని చెప్పి, ఛాతీ మీద మంచుగడ్డ పెట్టి, దగ్గు తగ్గే మందిచ్చి, రక్తం దానంతట అది ఆగుతుందేమోనని ఎదురుచూసేవారు. ఆగితే అదృష్టం. మళ్లీ వస్తే ఇంట్లోవాళ్లు దేవుడికి మొక్కుకునేవారు.

ఆయన తర్వాత ఒక్కో మెట్టూ

ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1929లో, జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల కుర్ర డాక్టరు ఎవరూ చేయని సాహసం చేశాడు. తన మోచేతి దగ్గరి సిరలోంచి సన్నటి గొట్టాన్ని లోపలికి తోసుకుంటూ గుండె దాకా తీసుకెళ్లాడు. అలాగే నడుచుకుంటూ వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. పెద్దలు మెచ్చుకోలేదు. పైగా మందలించారు. 1956లో అదే పనికి నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి రక్తనాళాల్లోంచి లోపలి అవయవాల దాకా క్షేమంగా వెళ్లవచ్చని ప్రపంచానికి తెలిసింది అలాగే.

1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. క్షయ సూక్ష్మజీవిని చంపిన తొలి మందు అదే. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. 1956లో మద్రాసు చేట్‌పట్‌లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం ఓ పెద్ద సంగతి తేల్చింది. మందులు సరిగ్గా వేసుకుంటే, శానిటోరియంలో ఉన్న రోగికీ, ఇరుకింట్లో ఉండి మందులు వాడిన పేద రోగికీ జబ్బు తగ్గడంలో పెద్ద తేడా లేదని 1959లో ప్రకటించింది. ప్రపంచమంతా క్షయ వైద్యాన్ని ఇంటికి తెచ్చింది మన పొరుగూరి ఆ పరిశోధనే. ఇవాళ మామూలు క్షయ ఆరు నెలల మాత్రలతో నయమవుతోంది.

ఇంకోవైపు 1953లో స్వీడన్‌లో సెల్డింగర్ అనే డాక్టరు చర్మం మీద చిన్న గాటుతో, సూది, సన్నటి తీగ సాయంతో ధమనిలోకి గొట్టం పంపే తేలిక పద్ధతి కనిపెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1970ల మొదట్లో, ఫ్రాన్స్‌లో జాక్ రెమీ బృందం ఆ దారిలోనే వెళ్లి, ఊపిరితిత్తుల్లో రక్తం కారుతున్న ధమనిని లోపలి నుంచే మూసేసింది. ఛాతీ కోయకుండా రక్తం ఆగింది. దాని పేరే బ్రాంకియల్ ఆర్టరీ ఎంబోలైజేషన్. పేరు పెద్దదే గానీ సంగతి తేలికే. బ్రాంకియల్ ఆర్టరీ అంటే శ్వాసనాళాలకు రక్తం ఇచ్చే ధమని. ఎంబోలైజేషన్ అంటే దాన్ని పూడ్చడం.

ఆ రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఊపిరితిత్తులకు రక్తం రెండు దారుల్లో వెళ్తుంది. మొదటిది పెద్ద దారి. గుండె కుడివైపు నుంచి చెడు రక్తం శుభ్రపడటానికి ఈ దారిలో వెళ్తుంది. ఇందులో ఒత్తిడి తక్కువ. రెండోది చిన్న దారి. బృహద్ధమని నుంచి విడిపోయిన సన్నటి ధమనులు శ్వాసనాళాల గోడలకు మంచి రక్తం తీసుకెళ్తాయి. గుండె పంపే రక్తంలో వీటి వాటా సుమారు ఒక శాతమే. కానీ వీటిలో ఒత్తిడి ఎక్కువ. మీ చేతికి కట్టి చూసే బీపీ ఎంతో, వీటిలోనూ దాదాపు అంతే.

క్షయ వచ్చి తగ్గిన మచ్చ, శ్వాసనాళాలు వెడల్పై చీము పట్టే బ్రాంకియెక్టాసిస్, పాత క్షయ గుంతలో పెరిగే బూజు ఉండ... ఇలాంటివి ఏళ్ల తరబడి ఉన్నచోట వాపు ఉంటుంది. వాపున్న చోటికి రక్తం ఎక్కువ కావాలి. దాంతో ఆ సన్నటి ధమనులు లావెక్కుతాయి, వంకర్లు తిరుగుతాయి, కొత్త కొమ్మలు వేస్తాయి. గోడలు పలచబడతాయి. గట్టిగా దగ్గినప్పుడో, ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో ఓ కొమ్మ చిట్లుతుంది. ప్రమాదకరంగా రక్తం పడే కేసుల్లో పదింట తొమ్మిదిసార్లు చిట్లేది ఈ ధమనులే.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇలాంటప్పుడు ప్రాణం పోయేది ఎక్కువగా రక్తం తగ్గిపోవడం వల్ల కాదు, ఊపిరాడకపోవడం వల్ల. మన గాలి దారి అంతా కలిపి పట్టేది సుమారు 150 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసుడు. అంత రక్తం అక్కడ గడ్డకడితే గాలికి చోటుండదు. అందుకే పోయింది కొంచెమే కదా అని లెక్కలు వేసుకోకూడదు.

కోత లేకుండా లోపలి నుంచే

రక్తం పడుతున్న రోగి ఆసుపత్రికి చేరగానే ముందు శ్వాస సరిగా అందేలా చూస్తారు. రక్తం త్వరగా గడ్డకట్టడానికి ఇంజెక్షన్ ఇస్తారు. ఎక్స్‌రే, ఆ తర్వాత సీటీ యాంజియోగ్రామ్ తీస్తారు. ఏ ధమని లావెక్కింది, ఎక్కడి నుంచి పుట్టింది అన్నది అందులో కనిపిస్తుంది. అవసరమైతే శ్వాసనాళంలోకి సన్నటి కెమెరా పంపి చూస్తారు. కిడ్నీల పనితీరు తెలుసుకునే రక్తపరీక్ష చేస్తారు, ఎందుకంటే ధమనులు కనబడటానికి ఇచ్చే రంగు మందు కిడ్నీల మీద భారం వేస్తుంది.

ఆ తర్వాత ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ పని మొదలవుతుంది. చాలామందికి పూర్తి మత్తు అక్కర్లేదు. గజ్జ దగ్గర గానీ, మణికట్టు దగ్గర గానీ తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, సూదిబెజ్జమంత దారి చేస్తారు. అందులోంచి సేమియా పోగంత గొట్టాన్ని బృహద్ధమనిలోకి, అక్కడి నుంచి చిట్లిన ధమనిలోకి పంపుతారు. తెర మీద ఎక్స్‌రే బొమ్మ కదులుతూ కనిపిస్తుంటుంది. దాని లోపల నుంచి మరింత సన్నటి గొట్టం వెళ్తుంది. సరైన చోటు దొరికాక, ఇసుక రేణువుల్లాంటి చిన్న కణాలను నెమ్మదిగా వదులుతారు. ఆ కణాలు మిల్లీమీటరులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటాయి. మరీ చిన్నవైతే అనుకోని చోటికి జారిపోతాయి కాబట్టి సైజు చూసి ఎంచుకుంటారు. ధమని మూసుకుంటుంది. రక్తం ఆగుతుంది. మొత్తం గంటా రెండు గంటల పని. ఆ తర్వాత కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి.

ఎక్కువమందిలో రక్తం వెంటనే ఆగుతుంది. కానీ ఒక మాట డాక్టరును అడిగి తెలుసుకోండి, వాళ్లు చెప్పకపోయినా సరే. మూసింది రక్తనాళాన్ని, జబ్బును కాదు. లోపల వాపు అలాగే ఉంటే కొత్త కొమ్మలు పుట్టి నెలలకో, ఏళ్లకో మళ్లీ రక్తం పడొచ్చు. అప్పుడు మళ్లీ చేయించుకోవచ్చు. క్షయ ఉంటే పూర్తి కోర్సు మందులు, బూజు ఉంటే దాని చికిత్స, ఊపిరితిత్తిలో ఒక భాగమే పాడైతే కొందరికి ఆపరేషన్... ఇవి తప్పవు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. కొద్దిరోజులు ఛాతీనొప్పి, మింగడానికి ఇబ్బంది రావడం మామూలే. చాలా అరుదుగా వెన్నుపాముకు వెళ్లే రక్తనాళం కూడా మూసుకుని కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ ధమని బొమ్మను ముందే జాగ్రత్తగా చూస్తారు. అనుభవం ఉన్న చేతులు కావాలనేది ఇందుకే.

మీ ఇంట్లో రక్తం పడితే

పొద్దున వాష్‌బేసిన్ దగ్గర నాన్న దగ్గి, కుళాయి తిప్పి, ఎరుపు కనబడకుండా కడిగేసి వచ్చి పేపర్ పట్టుకుని కూర్చుంటారు. అమ్మకు తెలిస్తే కంగారు పడుతుందని, కొడుకు ఆఫీసుకు సెలవు పెట్టాల్సి వస్తుందని, సంబంధాలు చూస్తున్న ఇంట్లో క్షయ అనే మాట వినబడకూడదని. రెండు రోజుల్లో ఆగిపోతుంది. ఆగిపోయింది కాబట్టి పోయిందనుకుంటారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చిన్న చారతో మొదలైనది ఓ రాత్రి గ్లాసుడు కావచ్చు.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి.

కళ్లెలో రక్తపు చార ఒక్కసారి కనబడినా ఒకటి రెండు రోజుల్లో ఛాతీ డాక్టరుకు చూపించుకోండి. కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. పొగ తాగేవాళ్లు, నలభై దాటినవాళ్లు కేన్సర్ కాదని కూడా తేల్చుకోవాలి.

కొన్ని చెంచాలకు మించి పడినా, ఆయాసం వచ్చినా, పెదాలు నీలిరంగుకు మారినా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. రోగికి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి. ఏ వైపు ఊపిరితిత్తిలో పాత జబ్బుందో తెలిస్తే ఆ వైపుకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. అప్పుడు రెండో వైపు ఊపిరితిత్తిలోకి రక్తం జారదు. రక్తాన్ని మింగకుండా ఉమ్మేయమనండి. ఎంత పడిందో డాక్టరుకు చెప్పడానికి ఓ గిన్నెలో పట్టండి.

నురగతో, ఎర్రగా, దగ్గుతో వచ్చేది ఊపిరితిత్తుల రక్తం. కాఫీ పొడి రంగులో, తిన్నదానితో కలిసి వాంతిలా వచ్చేది పొట్టది. ఈ తేడా చెబితే వైద్యం త్వరగా మొదలవుతుంది. గుండె కోసం రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు చెప్పండి. మీ అంతట మీరు మానేయొద్దు.

ఇంట్లో ఎవరికైనా పదేళ్ల కిందట, ఇరవై ఏళ్ల కిందట క్షయ వచ్చి తగ్గి ఉంటే ఆ ఎక్స్‌రేలు, చీటీలు పారేయకండి. ఒక కవరులో పెట్టి అందరికీ తెలిసేచోట ఉంచండి. అత్యవసరంలో అవే దారి చూపిస్తాయి.

జల్‌పల్లి, శంషాబాద్ వైపు ఉండేవాళ్లకు దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే క్షయ పరీక్ష, మందులు ఉచితం. చికిత్స తీసుకుంటున్నంతకాలం పౌష్టికాహారానికి నెలకు 1,000 రూపాయలు ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఛాతీ జబ్బులకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది. ఎంబోలైజేషన్ కావాల్సి వస్తే రాత్రిపూట కూడా ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ అందుబాటులో ఉండే పెద్దాసుపత్రి ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి. పాత ఊపిరితిత్తి జబ్బున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇది మరీ ముఖ్యం. ఆరోగ్యశ్రీ కార్డుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి, ఏది వర్తిస్తుందో చెబుతారు.

దుమ్ములో, రాళ్ల పొడిలో, చెత్త తగలబెట్టే పొగలో పనిచేసేవాళ్లు మాస్కు మర్చిపోవద్దు. పొగ, దుమ్ము పాడైన ఊపిరితిత్తిని ఇంకా పాడుచేస్తాయి. బీడీ, సిగరెట్ అయితే పూర్తిగా మానేయాల్సిందే.

ఆయన ఇచ్చింది, మనం చేయాల్సింది

చీరాల, పేరాల జనానికి గోపాలకృష్ణయ్య నేర్పింది ఒకటే. కష్టం వచ్చినప్పుడు ఎవరింట్లో వాళ్లు తలుపులేసుకుని కూర్చోకూడదు. నలుగురికీ చెప్పాలి, నలుగురూ కలిసి నిలబడాలి. ఆ ధైర్యంతోనే రామనగర్ పదకొండు నెలలు నిలిచింది. ఆయనకు జబ్బు చేసినప్పుడు ప్రేమ చూపించడానికి ఊరంతా ఉంది. ఇవ్వడానికి మందు లేదు.

మన కాలం తలకిందులైంది. మందులు, మిషన్లు, నేర్పున్న చేతులు ఉన్నాయి. దాచుకునే అలవాటు మాత్రం పోలేదు. ఆంధ్రరత్న ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత జబ్బు పడి ఉంటే స్ట్రెప్టోమైసిన్ అందేది. ఇంకో యాభై ఏళ్ల తర్వాతైతే, రక్తం పడినా ధమనిని మూసి ఆపగలిగేవారు. ముప్పై తొమ్మిదేళ్లకే వెళ్లిపోవాల్సిన అవసరం ఉండేది కాదు.

ఈ పేజీ మడిచి పక్కన పెట్టేముందు ఒక పని చేయండి. మీ నాన్ననో, మావయ్యనో, పెదనాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, ఎప్పుడైనా దగ్గులో ఎరుపు కనబడిందా అని. కాస్త మెల్లగా, కంగారు పెట్టకుండా అడగండి. ఆయన ఔనంటే, రేపు పొద్దునే డాక్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.